కింది అంతస్తు లేని ఇల్లు

ఆంప్లిఫయర్లు, రేడియోలు బాగుచేసే ఆ కొట్టు యజమానిని అందరూ చెవిగారు అనేవారు. పాడైన పెట్టె ఇంకా వీధి మలుపులో ఉండగానే దాని మూలుగు విని ఏ భాగం పోయిందో చెప్పేస్తాడని ప్రతీతి. అందులో సగం అతిశయోక్తి. మిగతా సగం నిజమే, ఆ సగమే ఆయన కొంప ముంచింది.

ఇరవై ఏళ్ళ కిందట రెండు వీధుల అవతల ఒక రేకుల షెడ్డులో నలుగురు కుర్రాళ్ళు గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని వాయించేవాళ్ళు. షెడ్డు గేటు తీసినప్పుడల్లా వీధంతా ఉలిక్కిపడేది. బ్యాండుకు ‘తుప్పుగేటు’ అన్న పేరు అలా వచ్చింది. వాళ్ళ మొదటి ఆంప్లిఫయరుకు అతుకులు వేసింది చెవిగారే. తర్వాత వాళ్ళు పెద్దవాళ్ళయిపోయారు, వాళ్ళ కచేరీలకు మైదానాలు చాలకుండా పోయాయి. చెవిగారి కొట్టు మాత్రం అక్కడే ఉండిపోయి, తుప్పుగేటు శ్రోతల సంఘానికి కేంద్రమైంది.

సంఘానికి ఒక పద్ధతి ఉంది. కొత్త ఆల్బమ్ వచ్చాక మొదటి ఆదివారం పొద్దున పదింటికి అందరూ కొట్టులో చేరాలి. అప్పటిదాకా ఎవరూ ఫోనులోగానీ ఇయర్‌ఫోన్లలోగానీ వినకూడదు. వినేటప్పుడు ఫ్యాను ఆపెయ్యాలి. దగ్గొస్తే బయటికెళ్ళి దగ్గాలి. మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఒక్క బిగిన వినాలి. అంతా అయ్యాక చెవిగారు ఒకే ఒక్క వాక్యం చెబుతాడు. సంఘం కార్యదర్శి అయిన లైబ్రేరియన్ దాన్ని కామా కూడా మార్చకుండా సంఘం పేజీలో పెడతాడు. ఆ పేజీని లక్షమంది చూస్తారు. ఆ వాక్యం పడ్డాకే మిగతావాళ్ళు నోరు విప్పడం.

ఈసారి ఆల్బమ్ పేరు ‘కింది అంతస్తు’. బేసు గిటారు, అంటే పాటకు అడుగున నడిచే ఆ లావు తీగల గిటారు, వాయించే పొడుగన్న మణికట్టు నొప్పితో కిందటేడు తప్పుకున్నాడు. ఆయన స్థానంలోకి ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి వచ్చింది. ఆమె ఎవరో కాదు, చెవిగారి అన్న కూతురు. చిన్నప్పుడు ఈ కొట్టులోనే బల్ల కింద కూర్చుని పాడైపోయిన రేడియోల గుండీలు తిప్పుకుంటూ పెరిగింది. పేరు పెట్టి ఎవరూ పిలవరు, పిచ్చుకంటారు.

“తీర్పు మాకు ముందే తెలుసు లెండి,” అన్నాడు బస్సు డ్రైవరు, తన స్టూలు మీద సర్దుకుంటూ. పొడుగన్నంటే ప్రాణం పెట్టే మనిషి. “కాకిపిల్ల కాకికి ముద్దు.”

“నోరు మూసుకుని విను. కాకో కోకిలో తెలుస్తుంది,” అన్నాడు చెవిగారు.

డ్రైవరు నవ్వులాటకు అన్న మాటే. కానీ అది చెవిగారికి గుచ్చుకుంది. నెల రోజులుగా ఆయన్ని నిద్రపోనివ్వని మాట అదే. బాగుందంటే అన్న కూతురని అన్నాడంటారు. ఇరవై ఏళ్ళ పేరు ఒక్క వాక్యంతో గంగపాలు. అందుకని ముందు రోజే తనకు తాను చెప్పుకున్నాడు: పరాయిపిల్ల వాయించినట్టే వినాలి. ఇంకాస్త గట్టిగానే వినాలి.

లైబ్రేరియన్ ఫ్యాను ఆపాడు. పాట మొదలైంది.

మొదటి నిమిషంలోనే చెవిగారు కుర్చీలో ముందుకు జరిగాడు. రెండో పాటకు వెనక్కి వాలాడు. మూడో పాటకు లేచి గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. గాయకుడి గొంతు ఎదురుగా లేదు. ఎక్కడో తల వెనక నుంచి, ఖాళీ గదిలోంచి వస్తున్నట్టుంది. గిటార్లు పలుచగా, గాలికి ఊగే రేకుల్లా ఉన్నాయి. అడుగున ఏమీ లేదు. పిచ్చుక వేళ్ళు తీగల మీద ఆడుతున్న చప్పుడైతే లీలగా వినిపిస్తోంది, ఆ వేళ్ళు పలికించాల్సిన బరువు మాత్రం లేదు. చెవిగారు అరచెయ్యి గోడ మీద పెట్టి చూశాడు. చెయ్యి కింద గోడ చచ్చినట్టు పడి ఉంది.

నలభై రెండు నిమిషాలు. డ్రైవరు మోకాలు ఊపుతూనే ఉన్నాడు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సమ్మ కళ్ళు మూసుకుని కూర్చుంది. నిద్రపోతోందో వింటోందో తెలియదు. చివరి పాట ఆగింది.

చెవిగారు మళ్ళీ కుర్చీలోకి వచ్చి కూర్చున్నాడు. చెప్పేశాడు. “ఈ ఇంటికి కింది అంతస్తు లేదు.”

“అబ్బ! అదీ మాటంటే!” డ్రైవరు తొడ చరుచుకున్నాడు. “కాకి అన్నందుకు క్షమించండి గురువుగారూ.”

లైబ్రేరియన్ అప్పటికే ఫోనులో టైపు చేస్తున్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు. సాయంత్రానికి ఆ వాక్యం పేజీ దాటి, ఊరు దాటి, చెవిగారు జన్మలో చూడని చోట్లకు పోయింది. ఎవరో బొమ్మ కూడా గీశారు: గాల్లో వేలాడే మేడ, కింద నిచ్చెన పట్టుకుని దిక్కులు చూస్తున్న ఆడపిల్ల. ‘పొడుగన్నా, ఇంటికి రా, పునాది వెయ్యి’ అని ఒకడు. ‘మా కాలనీలో కూడా ఇంతే, పార్కింగు కోసం కింది అంతస్తు తీసేశారు’ అని ఇంకొకడు. ‘శబ్దం మారింది కాబట్టే బాగుంది, పాత చింతకాయ ఎన్నాళ్ళు నాకుతారు?’ అని ఒక అమ్మాయి. ఆ అమ్మాయి మీద మూడు వందల మంది విరుచుకుపడ్డారు. ఎవరో లారీ నడిపే మనిషి రాశాడు: ‘ఏడో పాటలో బేసు దిగినప్పుడు బండి పక్కకు తీసి ఆపేశాను. కాసేపు నడపలేకపోయాను.’ చెవిగారు అది రెండుసార్లు చదివి, పాపం, ఇతనికి ఏదో కష్టం ఉండి ఉంటుందనుకున్నాడు.

సోమవారం పని సాగలేదు. ఒక రేడియో విప్పి, మరలు బల్ల మీద పోసి, మళ్ళీ మూసేశాడు. ఒక పాత పాటైనా పెట్టుకుని ఉంటే ఏం జరిగిందో అప్పుడే తెలిసిపోయేది. కానీ ఆ పెట్టెల దగ్గరికి వెళ్ళబుద్ధి కాలేదు. కొట్టు ముందుకూ వెనక్కూ తిరిగాడు. ఫోను మోగితే దూరం జరుగుతున్నాడు, మోగకపోతే ఎందుకు మోగలేదా అని చూస్తున్నాడు. భార్య బతికున్న రోజుల్లో అనేది: “మీరు వినేది ఎక్కువ, నిలబడేది తక్కువ. కాసేపు ఒకచోట కూర్చోండి మహానుభావా.” ఇప్పుడు ఆ మాట అనేవాళ్ళు లేక తిరుగుతూనే ఉన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం పిచ్చుక ఫోను చేసింది.

“బాబాయ్, తిన్నావా?”

“ఆ... తిన్నానమ్మా.”

“ఒక్కటి అడగాలి. కోపంతో కాదు. ఏ పాటలో తగ్గింది? అన్నిట్లోనా?”

చెవిగారు ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండు. ఈ పిల్ల పాఠం అడిగినట్టు అడుగుతోంది.

“నేను తీగ నొక్కడంలోనే తప్పుందా? స్టూడియోలో వింటే నాకు బాగానే ఉంది. కానీ నువ్వు లేదన్నావంటే లేదనే కదా. నీకన్నా నాకు ఎక్కువ తెలుసా?” గొంతు తేలిగ్గా పెట్టుకోవాలని చూస్తోంది. “శనివారం కచేరీ ఉంది కదా. జనం గోల చేస్తారని మా బ్యాండువాళ్ళు భయపడుతున్నారు. పాతవే వాయిద్దాం, పొడుగన్నను ఒక్కరోజుకు పిలుద్దాం అంటున్నారు. పిలవండి అని నేనే అన్నాను.”

“ఎందుకన్నావే?”

“మరి ఏమనాలి బాబాయ్? కింది అంతస్తు లేని ఇంట్లో ఎవరుంటారు?”

పెట్టేసింది. ఒక్క రోజుకు పిలిచినవాడు ఒక్క రోజుతో పోడని చెవిగారికి తెలుసు. పిల్లకు కూడా తెలుసు.

బుధవారం పొద్దున, ఏం చెయ్యాలో తోచక, మాసిన గడ్డం గుర్తొచ్చి మంగలి కొట్టుకు వెళ్ళాడు. కుర్చీలో వాలి కళ్ళు మూసుకున్నాడు. మంగలి నురగ పట్టించి ఎడమ బుగ్గ పూర్తి చేశాడు. అద్దం కింద బల్ల మీద ఒక పాత చెక్క స్పీకరు ఉంది. దాని పక్కన ఫోను పెట్టుకుని మంగలి పాటలు వింటాడు. ఒక పాట అయిపోయింది. ఇంకోటి మొదలైంది.

ముందు చెవిగారికి అర్థం కాలేదు. ఎక్కడో విన్న గొంతే, కానీ ఎదురుగా నిలబడి పాడుతోంది. దాని కిందికి ఇంకేదో వచ్చింది. తొందర లేకుండా, ఇంట్లో పెద్దవాళ్ళు మెట్లెక్కి వస్తున్నట్టుగా. కుర్చీ చేతుల మీద ఉన్న ఆయన వేళ్ళకు అది తగిలింది. బల్ల మీది గిన్నెలో నీళ్ళు సన్నగా వణికాయి.

“ఏం పాటయ్యా ఇది?”

“ఏదో కొత్తదండీ. తీసెయ్యనా?”

“తియ్యకు! ఎవరైనా మార్చారా దీన్ని? కలిపారా ఏమైనా?”

“నేను గడ్డాలు గీస్తానండీ, పాటలు కాదు.”

ఏడో పాట అది. చెవిగారు దిగ్గున లేచాడు. మెడకు కట్టిన గుడ్డతో, కుడి బుగ్గ మీద నురగతో వీధిలోకి నడిచాడు. “అయ్యా, సగం గడ్డం!” అని మంగలి గుమ్మం దాకా వచ్చి కేక పెట్టాడు. దారిలో జనం పక్కకు తప్పుకున్నారు.

కొట్టులోకి వచ్చి కుడి స్పీకరు పెట్టె వెనక పలక విప్పాడు. ఆదివారానికి ముందు రోజు, అంటే శనివారం, ఆ పెట్టెలో చిరిగిన అట్టను, అంటే ఊగి మోత పుట్టించే కాగితపు గిన్నెను, మార్చింది తనే. తీగలు కొత్తవి వేసింది తనే. ప్లస్సుకు వేసే ఎర్ర తీగ అయిపోయింది. రెండూ నల్లవే వేసి, ఎరుపుకు బదులుగా ఉండాల్సిన తీగకు గుర్తుగా ముడి వేశాడు. బిగించేటప్పుడు ఆ ముడి ఉన్న తీగను ఎరుపు చోటే బిగించాడా, నలుపు చోట బిగించాడా? శనివారం బిగించాక ఆ ఒక్క పెట్టెనే మోగించి చూశాడు. బాగానే మోగింది. ఒంటరిగా ఏ పెట్టె అయినా బాగానే మోగుతుంది.

సొరుగులోంచి చిన్న బ్యాటరీ తీసి ఎడమ పెట్టె తీగలకు తాకించాడు. అట్ట టప్‌మని ముందుకొచ్చింది. అదే వరుసలో కుడి పెట్టెకు తాకించాడు. అట్ట లోపలికి పోయింది.

చెవిగారు నేల మీద కూర్చుండిపోయాడు.

తొట్టి నీళ్ళలో రెండు చేతులూ ఒకేసారి ముందుకు తోస్తే అల లేస్తుంది. ఒక చెయ్యి తోస్తూ ఇంకో చెయ్యి లాగితే నీళ్ళు ఉన్నచోటే ఉంటాయి. ఒక పెట్టె గాలిని తోస్తుంటే రెండోది లాగేసింది. పిచ్చుక వాయించిన బరువంతా ఆ రెంటి మధ్య, ఈ గదిలోనే, చచ్చిపోయింది. పని నేర్చుకునే రోజుల్లో మొదటి వారం నేర్పే పాఠం అది.

“ఏమైందండీ? మొహం ఏంటలా ఉంది?”

గుమ్మంలో నర్సమ్మ. డ్యూటీ దిగి బస్సుకు పోతూ, సగం నురగతో నేల మీద ఉన్న మనిషిని చూసి పరుగున వచ్చి నాడి పట్టుకుంది.

“నాకేం కాలేదమ్మా. పెట్టెకయింది.” బ్యాటరీ తాకించి చూపించాడు, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి. ఏం జరిగిందో చెప్పాడు. ఆమె తనే బ్యాటరీ తీసుకుని ఒకసారి తాకించి చూసింది.

“నాకు వినిపించిందండీ,” అంది. “ఆదివారం ఇక్కడి నుంచి వెళ్తూ బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే. బేసు శుభ్రంగా ఉంది.”

“మరి చెప్పలేదేం?”

“మీరు లేదన్నాక ఉందని ఎలా అంటానండీ? నా చెవుల్లో గుబిలి ఉందేమోనని మా డాక్టరుకు చూపించుకున్నా కూడా.”

“ఏమన్నాడు?”

“శుభ్రంగా ఉన్నాయి, ఇంటికెళ్ళి పడుకో అన్నాడు.”

నవ్వాలో ఏడవాలో తెలియని చోట ఆయన నవ్వాడు. తీగలు మార్చి బిగించాడు. నర్సమ్మ తనే లేచి ఫ్యాను ఆపింది. బస్సు పోయినా వెళ్ళలేదు. నలభై రెండు నిమిషాలూ ఆయనకు వీపు తిప్పి కూర్చుని వీధి చూస్తూ వింది. ఆయన మొహం ఎవరూ చూడకూడదని ఆమెకు ఎలా తెలిసిందో.

లైబ్రేరియన్‌కు ఫోను చేస్తే ఒప్పుకోలేదు. “మన మాట వెనక్కి తీసుకోవడం సంఘం చరిత్రలో లేదండీ.”

“తీగ తిరగబడటం కూడా లేదు. రాసుకో.”

“పోనీ, ‘మరోసారి విన్నాక అభిప్రాయం మారింది’ అని పెడదాం. గౌరవంగా ఉంటుంది.”

“అభిప్రాయం కాదయ్యా, తీగ! కామా మార్చావంటే ఊరుకోను. ‘ఇంటికి కింది అంతస్తు ఉంది, నా కొట్టులో కుడి స్పీకరుకు తీగలు తిరగేసి బిగించింది నేనే.’”

పేజీలో పడింది. నిందకు రెక్కలుంటాయి, దిద్దుబాటుకు కుంటికాళ్ళే. మొదటి వాక్యం పోయిన దూరంలో పదో వంతు కూడా ఇది పోలేదు. పోయినంత మేర తిట్లు తెచ్చింది. ‘అన్న కూతురు ఏడ్చింది, ఆయన కరిగాడు, అంతే’ అన్నారు కొందరు. ‘చెవిగారు కాదు, చెవిటిగారు’ అన్నారు ఇంకొందరు.

డ్రైవరు సాయంత్రం బస్సు డిపోలో పెట్టి సరాసరి కొట్టుకొచ్చాడు. “ఆడలేక మద్దెల ఓడు అంటారు. మీ పుణ్యమా అని నిజంగానే మద్దెల ఓడయింది!” అని అరిచి, అరిచినవాడే స్టూలు లాక్కుని, “పెట్టండి మళ్ళీ,” అన్నాడు. చివరిదాకా విన్నాడు. “నాకు ఇప్పటికీ నచ్చలేదు. మరీ నిదానం. పొడుగన్నైతే పరుగెత్తించేవాడు.” లేచి వెళుతూ గుమ్మంలో ఆగాడు. “కానీ ఇప్పుడు నచ్చనిది ఆ పిల్ల వాయించింది. ఆరోజు నచ్చనిది మీ తీగ. రెండూ ఒకటి కాదు కదండీ.”

అతను వెళ్ళాకే చెవిగారికి పిచ్చుకకు ఫోను చేసే ధైర్యం వచ్చింది. వెనక డ్రమ్ముల చప్పుడు. రిహార్సల్లో ఉన్నట్టుంది. ఆయన చెప్పాల్సింది ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. అవతల తలుపు మూసిన శబ్దం, డ్రమ్ముల చప్పుడు తగ్గింది.

“నాలుగు రోజులు,” అంది పిచ్చుక. “నాలుగు రోజులు నా చేతుల్ని నేనే అనుమానించుకున్నాను బాబాయ్. అద్దంలో చూసుకుంటూ వాయించాను.”

“తప్పయిపోయిందమ్మా.”

“తీగ సంగతి కాదు. తీగ ఎవరైనా తిరగేస్తారు. వినగానే నీకు ముందు నా మీద అనుమానం వచ్చింది, పెట్టె మీద రాలేదు. ఎందుకని?”

జవాబు ఆయన దగ్గర ఉంది. “నిన్ను మెచ్చుకుంటే నన్నేమంటారోనని ముందే భయపడి కూర్చున్నానే,” అన్నాడు.

“ఇప్పుడు లోపలికెళ్ళి పొడుగన్నను పిలవొద్దని చెప్పాలి. ఏమని చెప్పను? మా బాబాయి తీగ తిరగేశాడనా?”

“అదే చెప్పు.”

“నవ్వుతారు.”

“నన్ను చూసే కదా. నవ్వనీ. అమ్మా, ఇవాళ సరిగ్గా విన్నాను, ఆ ఏడో పాటలో నువ్వు...”

“చెప్పకు బాబాయ్.” గొంతు గట్టిగా ఉంది. “బాగుందన్నా చెప్పకు. ఇప్పుడు బాగుందంటే మళ్ళీ నీ మాటనే నమ్ముకుని కూర్చుంటాను. శనివారం వస్తే రా.”

వాయిస్తుందో లేదో చెప్పలేదు. గురువారం, శుక్రవారం ఆయన అడగలేదు. అడగకుండా ఉండటానికి విప్పిన రేడియోలన్నీ బాగుచేసేశాడు.

శనివారం సాయంత్రం ఐదింటికి ఇంకా ఎండ ఉండగానే మైదానం నిండిపోయింది. చెవిగారు, నర్సమ్మ జనం మధ్యలో ఇరుక్కుని నిలబడ్డారు. చుట్టూ అట్టముక్కల మీద ఆయన వాక్యమే, పెద్ద పెద్ద అక్షరాలతో. ‘కింది అంతస్తు ఎక్కడ?’ అని ఒక గుంపు పాటలా అందుకుంది. ఆయన తల దించుకున్నాడు. వేదిక మీదికి డ్రమ్ముల మనిషి వచ్చాడు, గాయకుడు వచ్చాడు. బేసు ఆంప్లిఫయరు దగ్గర ఎవరూ లేరు. చెవిగారు నిలబడలేక మునివేళ్ళ మీద లేచాడు, దిగాడు, మళ్ళీ లేచాడు.

“వస్తుంది, ఆగండి,” అంది నర్సమ్మ. ఆమెకూ తెలియదు.

పిచ్చుక వచ్చింది. తనంత పొడుగు అనిపించే గిటారు తగిలించుకుని, జనం వైపు చూడకుండా నడిచొచ్చి ఆంప్లిఫయరుకు తీగ గుచ్చింది. గోల రెట్టింపైంది. మొదలుపెట్టింది పాత పాట కాదు, కొత్త ఆల్బమ్‌లోని ఏడో పాట.

బేసు కాళ్ళ కింది మట్టిలోంచి ఎక్కింది. మోకాళ్ళ దాకా, పొట్ట దాకా. కొంతమంది అరుపు మధ్యలోనే ఆగిపోయింది. కొంతమంది ఇంకా గట్టిగా అరిచారు. చెవిగారి పక్కన ఒక లావుపాటి పెద్దమనిషి మెడ నరాలు ఉబ్బేలా “బేసు లేదూ! బేసు లేదూ!” అని కేకలు పెడుతున్నాడు. ఆయన చొక్కా గుండీలు ఆ బేసుకు టకటకమని కొట్టుకుంటున్నాయి. చేతిలోని అట్టముక్క తనంతట తనే వణుకుతోంది.

నర్సమ్మ చెవిగారి మోచేతిని పొడిచింది. చెప్పండి, ఆ మాట అన్నది మీరేనని చెప్పండి అన్నట్టు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

పాట సగంలో ఆ పెద్దమనిషి ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఏదో అనుమానం వచ్చినట్టు చేత్తో రొమ్ము తడుముకుని, పక్కకు తిరిగాడు.

“ఏమంటారు మాస్టారూ? ఎలా ఉంది?”

ఇరవై ఏళ్ళుగా ఆ ప్రశ్నకు ఆయన దగ్గర ఒక వాక్యం సిద్ధంగా ఉండేది. వేదిక మీద పిచ్చుక కళ్ళు మూసుకుని వాయిస్తోంది.

“ఆగండి,” అన్నాడు చెవిగారు. “వింటున్నాను.”